రెండు నిమిషాలు ముందు

స్వాన్సీలో నేను బస్సు నడుపుతాను.
ఆలస్యంగా వస్తే ఇక్కడ పెద్దగా ఏమీ అనరు.
వాన, రోడ్డు పనులు, అడ్డొచ్చిన గొర్రెలు,
ఏదో ఒకటి చెప్పుకోవచ్చు.
ముందుగా వెళ్ళిపోతేనే నేరం.
డిపోలో మొదటిరోజే చెప్పాడు గారెత్:
"లేటయితే తిట్టుకుంటూనైనా ఎక్కుతారు.
ముందే పోయిన బస్సు పోయిందని తెలీదు కదా,
ఇంకా వస్తుందనే నిలబడి ఉంటారు."

అతని మాట పూర్తి కాకముందే తల ఊపేశాను.

నా సంగతి అది.
గురువారం చెత్తబండికి మంగళవారమే డబ్బా బయట పెడతాను,
రెండు రాత్రులు నక్కకి విందు.
సూపర్‌మార్కెట్ తలుపు దగ్గరే కనబడ్డ
పది కిలోల బంగాళాదుంపల సంచి భుజానికెత్తుకుని
ఉప్పు కోసం, సబ్బు కోసం దుకాణమంతా తిరిగి
మళ్ళీ ఆ తలుపులోంచే బయటికొస్తాను.
"చివర్లో తీసుకోవచ్చుగా" అంటుంది ఇందుమతి.
తీసుకోవచ్చు.
కానీ అప్పటిదాకా అది ఇంకా తీసుకోని సంచి.
భుజం మీదకన్నా బుర్రలో బరువెక్కువ.

ఈ చలికి పిండి పులవడానికి రెండు రోజులు పడుతుంది,
నేను మొదటి సాయంత్రమే అట్టు పోస్తాను.
"ఆలూ లేదు చూలూ లేదు..." అని
మా అత్తగారు ఫోన్లో మొదలుపెడితే
సామెత మిగతా సగం నేనే అందిస్తాను.

కొండ మీద చర్చి స్టాపులో
పదీ పన్నెండుకి గ్లెనిస్ ఎక్కుతుంది.
ఆకుపచ్చ రెయిన్‌కోటు, చేతిలో ఫ్లాస్కు.
ఎమ్రిస్ ఆస్పత్రిలో ఉన్నాడు, ఐదు వారాలుగా.
పాస్ చూపిస్తూ రోజుకో వాక్యం ఇచ్చేది:
నిన్న రెండు చెంచాల కస్టర్డు తిన్నాడు.
నిన్న నన్ను వాళ్ళ అక్క అనుకున్నాడు.

ఆరో వారం నేను సంతాపం కార్డు కొన్నాను.
తెల్ల కలువల బొమ్మ. లోపల రాసేశాను కూడా,
కుదురైన అక్షరాల్లో, ఎమ్రిస్ లేని లోటు గురించి.
లాకర్లో పెట్టి తాళం వేశాక
ఒక పని అయిపోయినట్టు తేలికపడ్డాను.
ఆయన ఇంకా కస్టర్డు తింటూనే ఉన్నాడు.

ఆ బుధవారం రోడ్డు ఖాళీ, స్టాపు ఖాళీ.
గడియారంలో పదీ పది.
ఇంకో రెండు నిమిషాలు అక్కడే కూర్చోవాలి, రూలు.
కూర్చోలేకపోయాను.
మలుపు తిరుగుతుంటే అద్దంలో
వేలెడంత ఆకుపచ్చ,
పైకెత్తిన ఫ్లాస్కు.
మలుపు దాటాక బస్సు ఆపడానికి చోటు లేదు.
ఉందేమో. లేదని ముందే అనేసుకున్నాను.
తర్వాతి బస్సు నలభై నిమిషాలకి.

మర్నాడు ఎక్కింది. పాస్ చూపించింది.
"నిన్న తొందరగా వచ్చేశావు, బాబూ."
అంతే. కస్టర్డు మాట లేదు.
ఎప్పుడూ ఎదుటివాళ్ళ నోట్లోంచి మాట లాక్కునే నేను
ఆ ఒక్కరోజు నోరు మూసుకున్నాను.
అడగాల్సింది ఆ ఒక్కరోజే.

సోమవారం నుంచి ఆమె రావడం లేదు.
కార్డు లాకర్లోనే ఉంది.
రాసినదాంట్లో ఇప్పుడు తప్పేమీ లేదేమో,
అందుకే పంపలేను.

ఈమధ్య పదీ పదికి ఇంజను ఆపేస్తున్నాను.
తలుపు తెరిచే ఉంచుతాను, మెట్టు మీద వాన పడుతుంది.
వెనక ఎవరో గొంతు సవరించుకుంటారు.
నూట ఇరవై సెకన్లు.
లెక్కపెట్టకుండా ఉండటం ఇంకా చేతకాలేదు.

ఇవాళ తొంభై ఆరు దగ్గర
బూటు లేసు ఊడిపోయిన కుర్రాడెవడో
కొండ దిగి పరిగెత్తుకొచ్చి ఎక్కాడు.
చిల్లర ముందుకు చాపాడు గానీ
ఊపిరందక, ఎక్కడికో చెప్పలేకపోతున్నాడు.

చెప్పనీ అని చూస్తూ కూర్చున్నాను.